డోర్‌మ్యాట్ ఉన్న ఇల్లు

టైలరమ్మ మోటారు కొన్నది సరదాకి కాదు. ఇరవై రెండేళ్ళుగా మిషను తొక్కి తొక్కి మోకాళ్ళు అరిగిపోయాయి. ఇంకా తొక్కితే మంచం ఎక్కుతావమ్మా అని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. దాంతో కూడబెట్టుకున్నదంతా పెట్టి, మిషనుకి తగిలించే మోటారు ఆన్‌లైన్‌లో ఆర్డరిచ్చింది. వారం తిరిగేసరికి ‘డెలివరీ అయింది’ అని మెసేజీ వచ్చింది. మోటారు మాత్రం రాలేదు.

ఆ రోజు నుంచి కస్టమర్ కేర్‌తో కుస్తీ. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటుంది యంత్రం. నొక్కి నొక్కి వేలు కూడా మోకాలి దారి పట్టింది. పదకొండో రోజు పొద్దున ఎట్టకేలకు ఒక మనిషి గొంతు వినపడింది.

“మీ ఇంట్లోవాళ్ళెవరైనా తీసుకున్నారేమో, అడిగి చూశారా మేడమ్?”

“మా ఇంట్లో ఉండేది నేనూ మా ఆయనా. ఆయనకి నెత్తి మీదున్న కళ్ళజోడే కనపడదు, పార్సిలేం తీసుకుంటాడు? మా ఇంట్లోవాళ్ళెవరూ తీసుకోలేదు. నా డబ్బు నాకు పంపించండి.”

“డెలివరీ ఫొటో పంపిస్తున్నాను. ఆ గుమ్మం మీది కాదంటే చాలు, ఈరోజే రీఫండ్ పెట్టేస్తాను. సాయంత్రం ఆరింటికి నేనే ఫోన్ చేస్తాను మేడమ్.”

ఫొటోలో మూసిన తలుపు, గడప ముందు అట్టపెట్టె, పెట్టె కింద గుడ్డముక్కల డోర్‌మ్యాట్. అది తను కుట్టిందే. అప్పుడు తెలిసొచ్చింది టైలరమ్మకి తన తెలివి. అడ్రసులో కొండగుర్తు రాయమంటే ‘గుడ్డముక్కల డోర్‌మ్యాట్ ఉన్న ఇల్లు’ అని రాసింది. కత్తిరించగా మిగిలిన ముక్కలు పారేయడానికి ఆవిడకి చెయ్యి రాదు. ఏ ఇంటి ముక్కలు ఆ ఇంటికే డోర్‌మ్యాటుగా కుట్టి ఊరికే ఇచ్చేస్తుంది. ఆ వీధిలో అది లేని గుమ్మమే లేదు. డెలివరీ మనిషి మాత్రం పాపం ఏం చేస్తాడు?

ఎవరి గుమ్మమో కనిపెట్టడం ఆవిడకి చిటికెలో పని. ఫొటోని వేళ్ళతో పెద్దది చేసింది. ఒక మూల ఆకుపచ్చ గళ్ళ ముక్క కనపడింది. అది తోడికోడలి కూతురి గౌను గుడ్డ.

ఆ గౌను దగ్గరే రెండేళ్ళ కిందట మాటలు పోయాయి. నడుం దగ్గర బిగుతైందని తోడికోడలు నలుగురిలో అంటే, పిల్ల లావైతే గౌనేం చేస్తుందని టైలరమ్మ అంది. అనాల్సిన మాట కాదు, అనేసింది. నాలుగిళ్ళ దూరంలో ఉన్నా అప్పటినుంచీ ఒకరి గడప ఒకరు తొక్కలేదు.

ఆ గుమ్మం తనది కాదు. కాదని చెప్తే అబద్ధమూ కాదు. డబ్బు వస్తుంది, ఇంకో మోటారు వస్తుంది, ఆ ఇంటికి వెళ్ళే పనే ఉండదు. టైలరమ్మ ఈ మాట రెండుసార్లు గట్టిగానే అనుకుంది. కానీ ఫొటోలో డోర్‌మ్యాట్ నిన్ననే ఉతికినట్టు శుభ్రంగా ఉంది. తను అంత మాటన్నా దాన్ని పారేయలేదు ఆ మనిషి. టైలరమ్మకి సిగ్గేసింది. లేచి చెప్పులేసుకుంది.

తోడికోడలు తలుపు తీసి, పక్కకి తప్పుకుంది. బల్ల మీద అట్టపెట్టె ఉంది. అతికించిన టేపు కూడా ఊడలేదు.

“వచ్చిన రోజునుంచీ అక్కడే ఉంది,” అంది.

“ఒక్క ఫోన్ చేస్తే పోయేదిగా!”

“చేశాను. నా నంబరు బ్లాక్ చేసింది నువ్వేగా.”

నిజమే. కోపంలో చేసిన పని, చేసిన సంగతే మర్చిపోయింది.

“పోనీ, ఎవరిచేతైనా పంపించొచ్చుగా?”

“పంపిస్తే పెట్టె వెళ్ళిపోతుంది. నువ్వు రావు.” తోడికోడలు కుర్చీ ముందుకు లాగింది. “మోటారని పెట్టె మీద రాసుంది. మోకాళ్ళు అంత పాడయ్యాయా? చెప్పనైనా లేదు నాకు. ముందు కూర్చో.”

టైలరమ్మకి ఏడుపొచ్చింది. “ఆ మాట అనకుండా ఉండాల్సింది అక్కా,” అంది.

ఆరింటికి ఆవిడ ఇంకా ఆ కుర్చీలోనే ఉండగా ఫోన్ మోగింది.

“ఫొటో చూశారా మేడమ్? రీఫండ్ పెట్టేయమంటారా?”

“వద్దు బాబూ. పార్సిల్ అందింది. మా ఇంట్లోవాళ్ళే తీసుకున్నారు.”

“అడిగి చూడమని నేను పొద్దున్నే చెప్పాను కదా మేడమ్!”

“అడగడానికే రెండేళ్ళు పట్టింది నాయనా,” అంది టైలరమ్మ.