మట్టయ్యకు ఏమేం వచ్చు

దిల్‌సుఖ్‌నగర్ వెనక గల్లీలో అండాలమ్మ ఇస్త్రీ బండి పెట్టి పదిహేనేళ్లు దాటింది. బట్టల మూటలు ఇళ్లకు చేర్చేది ఆమె తమ్ముడు మట్టయ్య. అతడు డౌన్ సిండ్రోమ్‌తో పుట్టాడు. పిల్లవాడు ఎక్కువ రోజులు బతకడని నల్గొండ దగ్గరి వాళ్ల పల్లెలో అందరూ అనుకున్నారు. ఇప్పుడతడికి నలభై మూడేళ్లు. అక్షరం రాకపోయినా, అక్క ఒక్కసారి ఎవరిల్లో చెబితే చాలు, మూట సరిగ్గా ఆ గుమ్మంలోనే దించి వస్తాడు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులవి. అండాలమ్మ మొగుడు సీతారాములు ఆర్టీసీ డ్రైవరు. బస్సు డిపోలో వదిలేసి రోజూ ఎల్.బి.నగర్ చౌరస్తాలో టెంటు కింద కూర్చుంటున్నాడు. సరిగ్గా అప్పుడే మట్టయ్య పని గాడి తప్పింది. ఒకరి బట్టలు ఇంకొకరికి చేరుతున్నాయి. ఒకరోజు కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే భానుమూర్తి నాలుగు లంగాలు చేత్తో పట్టుకుని బండి దగ్గరికి వచ్చాడు.

"అండాలమ్మా, ఇవి నావి కావమ్మా. నా ప్యాంట్లు ఎవరు తొడుక్కుని తిరుగుతున్నారో కాస్త కనుక్కో."

అండాలమ్మకు నవ్వు రాలేదు. తమ్ముడిని గట్టిగా తిట్టింది. మట్టయ్య బండి చక్రం పక్కన కూర్చుని నేలకేసి చూస్తూ ఉండిపోయాడు. వారం నుంచి అంతే. పిలిస్తే పలకడు, మునుపటి నవ్వు లేదు.

భానుమూర్తి ఇంటికెళ్లి ఈ సంగతి చెప్పగానే కూతురు అమల పరుగున వచ్చింది. ఆమె ఎల్.బి.నగర్ అవతల ఒక ఆసుపత్రిలో డాక్టరు.

"భయపెట్టాలని కాదు, అండాలమ్మ గారూ. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకి నలభై దాటాక మతిమరుపు జబ్బు తొందరగా వచ్చే అవకాశం ఎక్కువ. రేపు ఒకసారి తీసుకురండి."

ఆ రాత్రి అండాలమ్మకు అన్నం సహించలేదు. చిన్నప్పుడు తన చంకనెక్కి తిరిగిన తమ్ముడు ఒకరోజు తననే గుర్తుపట్టకుండా పోతాడా?

బస్సులు లేవు గనక మర్నాడు భానుమూర్తే అక్కాతమ్ముళ్లను తన కారులో బయల్దేరదీశాడు. చౌరస్తాకు వచ్చేసరికి కారు ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు వెలిగించి వంటావార్పు చేస్తున్నారు. పెద్ద గంజులో పప్పు తిప్పుతున్నది ఎవరో కాదు, సీతారాములే.

"ఏంది సారు, సమ్మెల కారేసుకొని ఒచ్చిన్రు?"

"నీ బామ్మర్దిని ఆసుపత్రికి తీసుకెళ్తున్నానయ్యా. నీ తెలంగాణ వచ్చేదాకా ఆగమంటావా?"

"ఒస్తది సారు, పప్పు ఉడికేలోపే ఒస్తది. గప్పటిదాక జర తిని పోండ్రి."

ఈలోగా డప్పు మొదలైంది. మట్టయ్య కారు దిగి నడిరోడ్డు మీద చేతులెత్తి ఆడటం మొదలుపెట్టాడు. జనం ఈలలు వేశారు. అండాలమ్మ వెనకనుంచి పిలిచింది, సీతారాములూ పిలిచాడు. అతడు తిరిగి చూడలేదు. చివరికి భుజం పట్టుకుని లాక్కురావలసి వచ్చింది. విస్తరిలో అన్నం తిన్నాక సీతారాములే దారి ఇప్పించాడు. భానుమూర్తి రెండోసారి పప్పు వేయించుకోవడం మాత్రం అక్కడున్న అందరూ చూశారు.

ఆసుపత్రిలో అమల అంతా విని, "పిలిస్తే పలుకుతున్నాడా?" అని అడిగింది.

"యాడమ్మా! డప్పుకైతే ఎగిరిండు. నేనెంత పిలిచినా తిరిగి సూడలే."

అమల మట్టయ్య చెవుల్లోకి లైటు వేసి చూసింది. రెండు చెవులూ గులిమితో గట్టిగా మూసుకుపోయి ఉన్నాయి; డప్పు మోతలాంటిది తప్ప మాట లోపలికి పోయే దారి లేదు. అరగంట పట్టింది శుభ్రం చేయడానికి. అయ్యాక మట్టయ్య తల అటూ ఇటూ తిప్పాడు.

"అక్కా, ఫ్యాను మొత్తుకుంటుంది!"

అండాలమ్మ అక్కడే కూలబడి ఏడుస్తూ నవ్వింది. ఇన్నాళ్లూ ఏ మూట ఎవరింటికో తాను చెప్పింది వాడికి వినపడనే లేదు. వినపడనందుకు తిట్లు తిన్నాడు.

"థైరాయిడ్ తగ్గినా మనిషి ఇలాగే మందగిస్తాడు గనక ఆ పరీక్షకి రక్తం కూడా తీశాం," అంది అమల. "ఈసారికి చెవులే. కానీ ముప్పు పోయిందని చెప్పలేను. వీళ్ల కణాల్లో ఒక క్రోమోజోము ఎక్కువ ఉంటుంది. దానివల్ల మెదడులో ఒకరకం ప్రొటీను చిన్నప్పటి నుంచే పేరుకుంటూ ఉంటుంది. జబ్బు ఎప్పుడు బయటపడుతుందో మనిషిని బట్టి. అందుకని ఇప్పుడు ఏమేం చేయగలడో రాసిపెట్టుకోండి. ఏటా వచ్చి పోల్చి చూద్దాం. తేడా వస్తే ముందే తెలుస్తుంది."

"రాసుడు నాకేడ ఒస్తదమ్మా?"

"నేనున్నానుగా," అన్నాడు భానుమూర్తి.

ఆదివారం అందరూ అండాలమ్మ ఇంట్లో చేరారు. భానుమూర్తి నోటుబుక్కు తెరిచాడు. స్నానం చేస్తాడు. గుండీలు పెట్టుకుంటాడు. ముప్పై ఒక్క ఇళ్లు తెలుసు. అండాలమ్మ చెబుతోంటే మట్టయ్య ప్రతి మాటకూ గర్వంగా తలూపుతున్నాడు.

"చెప్పులు?" అడిగాడు భానుమూర్తి.

"వానికి పట్టీలు నేనే పెడత సారు."

"నాకొస్తది," అన్నాడు మట్టయ్య. కూర్చుని, నాలుక బయటపెట్టి, రెండు పట్టీలూ బిగించుకున్నాడు.

అండాలమ్మ తెల్లబోయింది. "మరి ఇన్నేండ్ల సంది చెప్పలేదేందిరా?"

"నువ్వు అడగలే."

ఆ మాటతో మట్టయ్యకు హుషారెక్కింది. చాయ్ కూడా తానే పెడతానని పట్టుబట్టాడు. అండాలమ్మ లేవబోతే సీతారాములు చేయి పట్టి కూర్చోబెట్టాడు. వంటింట్లో గిన్నె కిందపడింది, మళ్లీ లేచింది. పావుగంటకు నాలుగు గ్లాసులు వచ్చాయి. భానుమూర్తి ఒక గుటక వేసి, కళ్లు మూసుకుని, పెన్ను తీసుకున్నాడు.

"చాయ్ పెడతాడు," అని పైకి చదువుతూ రాశాడు. "చక్కెర మాత్రం పాకం పట్టేంత."