కనబడని అతుకు

దామోదరాచారి ఆరో తరగతి సగంలో బడి మానేశాడు. మానేశాడంటే వాళ్ళ నాన్న మాన్పించి కంసాలి కుంపటి ముందు కూర్చోబెట్టాడు. నరసాపురంలో నేర్చిన ఆ పనితోనే, నర్సుగా స్థిరపడ్డ అక్క వసుమతి కాగితాలు పెట్టి పిలిపిస్తే, డెబ్బై ఎనిమిదిలో మిషిగన్ వచ్చి నోవై దగ్గర ఒక మాల్‌లో నగల రిపేరు కొట్టులో చేరాడు. ఆరేళ్ళయినా తెలుగువాళ్ళ విందుల్లో అతన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో ఎవరికీ తెలిసేది కాదు. ఇంజనీర్లు కార్ల గురించి, డాక్టర్లు ఇళ్ళ గురించి మాట్లాడుకునేవాళ్ళు. అతని దగ్గరికి ఎవరైనా వచ్చారంటే చేతిలో తెగిన గొలుసు ఉన్నట్టే.

ఒక్క డాక్టర్ దక్షిణామూర్తి మాత్రం వేరే పని మీద పిలిచేవాడు. ఆయన కుర్రతనంలో రెండేళ్ళు జర్మనీలో చదివాడు. అక్కడ ఒక ముసలి పేషెంటు చేతిలో పెట్టిన పతకంతో మొదలై, మొదటి ప్రపంచయుద్ధంలో కైజర్ సైనికులకిచ్చిన ఐరన్ క్రాసులు నలభై దాకా పోగేశాడు. హిట్లర్ నాటివి గడప తొక్కనివ్వనని ఆయన పంతం. నల్లరంగు పూసిన ఇనుప శిలువ, చుట్టూ వెండి అంచు, తల మీద రిబ్బను దూర్చే వెండి రింగు. చేసిన కంపెనీ గుర్తు ఆ రింగు మీదే, రెండు మూడు అక్షరాల్లో ఉంటుంది. డాక్టరు భూతద్దం పెట్టి అక్షరాలు చదివి, పుస్తకం తిరగేసి, ఫలానా కంపెనీ అని రాసుకునేవాడు. గుర్తు లేనివి వస్తే ఆచారికి ఫోన్ చేసేవాడు.

చదువుకున్నవాళ్ళకి అక్షరం ఉంటే చాలు, వస్తువును చూడనక్కర్లేదు. ఆచారి వస్తువునే చూసేవాడు. వెండి అంచు మీద పూసల వరసలో అచ్చు ఎక్కడ అరిగింది, ఏ పూస చితికింది, ఆకురాయి ఎటు నుంచి ఎటు నడిచింది, అవి చూసి ఇదీ మొన్నటి పెట్టెలో మూడోదీ ఒకే అచ్చు అనేవాడు. పక్కపక్కన పెడితే అలాగే ఉండేవి. వాళ్ళ ఇంట్లో తాతముత్తాతల నుంచి నగ మీద ముద్ర కొట్టే అలవాటు లేదు. పని చూస్తే చెయ్యి తెలియాలి అనేవాడు నాన్న. ఆచారి చెప్పిందంతా పతకాలు పోగేసేవాళ్ళ క్లబ్బు పత్రికలో డాక్టరు పేరుతో అచ్చయ్యేది. విందుల్లో మాత్రం ఆయన, "మా ఆచారి. చిల్లు గిన్నెలకి మాట్లు వేసే చెయ్యి" అని పరిచయం చేసేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. ఆచారి ప్లేటు వైపు చూసుకునేవాడు.

ఎనభై నాలుగు ఫిబ్రవరిలో ఒక ఆదివారం, మంచు గడ్డకట్టిన రోడ్ల మీద డ్రైవ్ చేసుకుంటూ డాక్టరు అతన్ని క్లబ్బు మీటింగ్‌కి తీసుకెళ్ళాడు. ఒక చర్చి బేస్‌మెంటు, పాతికమంది తెల్లవాళ్ళు. డాక్టరు కొత్తగా కొన్న క్రాసు రింగు మీద ఎక్కడో గానీ దొరకని కంపెనీ గుర్తు ఉంది. క్లబ్బు ఒప్పుకుని రిజిస్టర్లో రాస్తే దేశం మొత్తంలో అది రెండోది. క్లబ్బు పెద్ద వాల్టర్, కార్ల ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు అచ్చులు కోసి రిటైరైన ముసలాయన, దాన్ని అటూ ఇటూ తిప్పి అసలుదేనన్నట్టు తల ఊపాడు. ఇంకో ఇద్దరూ ఊపారు. డాక్టరు మురిసిపోతూ ఆచారి చేతిలో పెట్టాడు, నువ్వూ చూసి కళ్ళు చల్లబరుచుకో అన్నట్టు.

ఆచారి భూతద్దం కంటికి అదుముకున్నాడు. అంచులో కింద ఎడమ మూలన చితికిన పూస. సరిగ్గా ఆ పూసతోనే డాక్టరు పెట్టెలో మామూలు కంపెనీవి ఆరు ఉన్నాయి. అంటే శిలువ ఒకరిది, రింగు ఇంకొకరిది. ఎవరో మార్చారు. మార్చితే అతుకు ఉండాలి. రింగు చుట్టూ రెండుసార్లు తిప్పాడు. అతుకు లేదు. నలభై క్రాసుల్లో ఏ రింగు అతుకునైనా రెప్పపాటులో పట్టుకున్న కన్ను అది. ఆ కంటికి అందకుండా అతుకు దాచగల చేతులు అతనికి తెలిసి రెండే. ఒకటి నాన్నది, ఆయన పోయి పదకొండేళ్ళు.

అప్పుడు గుర్తొచ్చింది. మూడేళ్ళ కిందట, డాక్టరుతో ఇంకా పరిచయం కాకముందు, బొచ్చు టోపీ మనిషి ఒకడు కొట్టుకి వచ్చి, ఊడిపోయిందని చెప్పి శిలువా రింగూ వేరువేరుగా కాగితంలో చుట్టి ఇచ్చాడు. నల్లరంగు మాడకుండా ఆచారి శిలువను పచ్చి బంగాళదుంపలో గుచ్చి, రింగు మాత్రం పైకి వదిలి, నాన్న నేర్పినట్టు కొసలు ఏటవాలుగా అరగదీసి టంకం పెట్టాడు. వాడు థాంక్యూ కూడా అనకుండా జేబులో వేసుకుపోయాడు.

నోరు మూసుకుంటే డాక్టరు పరువు దక్కుతుంది. విప్పితే, దొంగ సరుకు చేసిన చెయ్యి ఇదిగో అని పాతికమంది ముందు తానే చూపించుకోవాలి. కానీ విప్పకపోతే జన్మలో తాను చేసిన అతుకుల్లోకెల్లా గొప్పది ఎవడో జర్మనీవాడి ఖాతాలో పడిపోతుంది. అది మాత్రం అతనికి మింగుడుపడలేదు.

"ఈ రింగు దీనిది కాదండి, డాక్టరు గారూ."

"ఊరుకో ఆచారీ. ఇంతమంది చూశారు. అతుకేదీ?"

"కనబడదండి. వేసింది నేను."

డాక్టరు అతని మోచెయ్యి పట్టుకున్నాడు. నలుగురిలో పరువు తీయొద్దని, ఇంటికెళ్ళి మాట్లాడుకుందామని పళ్ళ సందున గొణిగాడు. ఆచారి వినలేదు. వాల్టర్ వైపు తిరిగి, తనకొచ్చిన ముక్కల ఇంగ్లీషులో జరిగింది జరిగినట్టు చెప్పాడు. రిపేరు షాపువాళ్ళు ఇలాంటి కోతలు బాగా కోస్తారని వెనక నుంచి ఎవరో అంటే కొందరు నవ్వారు. వాల్టర్ నవ్వలేదు. రుజువేమిటని అడిగాడు.

లైటర్ సెగ చూపించమన్నాడు ఆచారి. మంట తగలనివ్వొద్దు, సెగ చాలు. వెండి కంటే ముందు టంకం రంగు మారుతుంది, గీత నిలువుగా రాదు, ఏటవాలుగా ఎడమకి లేస్తుంది అని ముందే చెప్పేశాడు. వాల్టర్ పట్టకారుతో రింగు పట్టుకుని సెగ చూపాడు. కాసేపు ఏమీ లేదు. ఎవరో దగ్గారు. ఆ తర్వాత వెంట్రుక మందాన గోధుమరంగు గీత లేచింది, ఏటవాలుగా, ఎడమకి.

వాల్టర్ దాన్ని మళ్ళీ భూతద్దం కింద పెట్టి చూశాడు.

"నలభై ఏళ్ళు అచ్చులు కోశాను. ఇది నా కళ్ళకి ఆనలేదు" అన్నాడు.

అమెరికా వచ్చాక ఆచారి విన్న మొదటి మెచ్చుకోలు అది. అదీ పని తెలిసినవాడి నోట. వాల్టర్ రిజిస్టర్ తెరిచి, శిలువ మామూలు కంపెనీది, రింగు అరుదైనదే, తర్వాత అతికించారు అని రాసి, అతికించినవాడి పేరు అడిగాడు. డాక్టరు చెప్పబోయాడు. ఆచారి పెన్ను తన చేతిలోకి తీసుకుని ఒక్కో ఇంగ్లీషు అక్షరమూ ఒత్తి ఒత్తి రాశాడు. దామోదరాచారి, నరసాపురం. వాళ్ళ వంశంలో మొదటి ముద్ర అది.

తిరుగు దారిలోనూ డాక్టరే కారు నడిపాడు. వైపర్లు మంచు తోస్తూనే ఉన్నాయి. ఎగ్జిట్ దాటాక, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, టంకం పెట్టేటప్పుడు అంత వేడికి శిలువ మీద నల్లరంగు ఎలా మాడలేదని అడిగాడు.

ఆచారి కోటు బొత్తాలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు.

"అది గిన్నెలకి మాట్లు వేసేవాళ్ళ సంగతండి. మీకెందుకు?"