రాగిచేనికి సిగ్నల్

పునీత్‌కు తెలియని సంగతి ఈ లోకంలో లేదు. హోసూరు ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికినప్పటి నుంచీ మరీ లేదు. ఊరికి వచ్చినప్పుడల్లా ఎవరికో ఒకరికి ఏదో ఒకటి నేర్పించి గానీ బస్సెక్కడు. అందుకే అతను తన తండ్రి జయరామప్పకు సెకండ్‌హ్యాండ్ ఫోన్ కొనాలనుకున్న రోజు ప్రేమ కూడా మొగుడి వెంట హోసూరు అంగడికి బయలుదేరింది. ఒక్కడినే వదిలితే ఏం కొంటాడో ఆమెకు బాగా తెలుసు.

జవళగిరిలో వాళ్ళ రాగిచేను అడివి అంచునే ఉంది. కంకులు ముదిరాయంటే ఏనుగులు దిగుతాయి. మొదట చూసినవాళ్ళు పక్క చేనికి ఫోన్ చేస్తారు, వాళ్ళు ఆ పక్క చేనికి. మంచెల మీద కాపలా కాసేవాళ్ళకు ఆ ఫోనే దిక్కు. పోయిన ఏడాది పక్క చేని గుర్రప్ప ఎన్నిసార్లు చేసినా జయరామప్పకు మోగలేదు. పాత సెట్టు చచ్చి ఊరుకుంది. ఏనుగు మంచె కిందికి వచ్చేశాక ముసలాయన దూకి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు, అయినా కాపలా మానడు.

అంగడి పురుషోత్తం ఒక బటన్ల ఫోన్ తీసి ముందు పెట్టాడు.

"ఓపెన్ సెట్టు సార్. ఏ సిమ్ అయినా పడతాది."

ప్రేమ కొంగుముడి విప్పి మామ పాత సిమ్ తీసింది. "ఇది వేసి చూపించన్నా. మా చేనికాడ గవర్నమెంటు సిమ్ ఒకటే పని చేస్తాది."

పునీత్ నవ్వాడు. "ఈ కాలంలో గవర్నమెంటు సిమ్ ఎవరు పెడతారు? నేను వాడే కంపెనీదే తీసుకుందాం. మాటలూ ఫ్రీ, నెట్టూ ఫ్రీ."

"చేనిలో సిగ్నల్ రాదంటా ఉండాను కదా."

"నువ్వు ఊరికే ఉండు. ఫోన్ల సంగతి నీకేం తెలుసు?"

అంగడివాడి ముందు అన్నాడు ఆ మాట. పురుషోత్తం కూడా పళ్ళికిలించాడు. పునీత్ తను వాడే కంపెనీ కొత్త సిమ్ కొని వేయించాడు, సిగ్నల్ గీతలన్నీ నిండుగా వచ్చాయి. హోసూరు బస్టాండు పక్కన రాకుంటే ఇంకెక్కడ వస్తాయి! ప్రేమకు ఒళ్ళు మండిపోయింది. అయినా నోరు మూసుకుంది. అలా మూసుకున్నందుకు తర్వాత తన మీద తనకే కోపం వచ్చింది.

చేనిలో ఆ ఫోన్‌కు ఒక్క గీత రాలేదు. మామ పాత సిమ్ వేసి చూస్తే, ఈ సిమ్ చెల్లదని చూపించింది. ఆ సెట్టు పునీత్ మెచ్చిన ఆ ఒక్క కంపెనీదే, ఇంకొకరి సిమ్‌ను ఒప్పుకోదు. ప్రేమ గుర్రప్ప ఫోన్ అడిగి తీసుకుని, హోసూరులో ఉన్న మొగుడికి సంగతి చెప్పింది.

"దానికేం," అన్నాడు పునీత్. "నాయిన్ని గుట్టెక్కి చూసుకోమను, ఆడ సిగ్నల్ వస్తాది."

కుంటికాలితో, ఏనుగులు తిరిగే దారిలో, గుట్టెక్కాలట! ప్రేమకు ఆ రోజు కూడు సయించలేదు.

మరుసటి రోజు ఆమె ఒక్కతే హోసూరు బస్సెక్కింది. ఆమెను చూడగానే పురుషోత్తం చెయ్యి అడ్డంగా ఊపాడు.

"వాడిన సెట్టుకు ఎక్స్చేంజ్ లేదమ్మా. మీ ఆయన్ని పంపించు, ఆయనతో మాట్లాడతాను."

"ఆయన ఏనుగులకాడ కాపలా ఉండేది లేదు. మా మామ ఉండాడు. ఏ సిమ్ అయినా పడతాదని చెప్పినది నీ నోరే కదా?"

"సార్ చూసినాడు, నచ్చింది, తీసుకున్నాడు."

ప్రేమ అంగడి ముందే నిలబడి, వచ్చేవాళ్ళకూ పోయేవాళ్ళకూ వినబడేలా వాడిని కడిగేసింది. బేరానికి వచ్చిన ఇద్దరు వెనక్కి పోయారు. వాడు మాత్రం అద్దం తుడుచుకుంటూ కూర్చున్నాడు. సిగ్గున్నవాడైతే కదా!

అక్కడి నుంచి నేరుగా మొగుడి రూముకు పోయింది. పునీత్ పరుపు మీద పడుకుని తన ఫోన్‌లో ఏదో చూసి నవ్వుకుంటున్నాడు.

"ఇట్లా ఇయ్యి," అని చెయ్యి చాపింది. ఎవరికో ఫోన్ చేస్తుందేమోనని ఇచ్చాడు. ఆమె చీర పిన్నీసు తీసి ఆ ఫోన్ అంచున సిమ్ తీసే బెజ్జంలో పొడిచి, అతని సిమ్ లాగి బటన్ల ఫోన్‌లో వేసింది. మామ సిమ్ అతని ఫోన్‌లో పెట్టింది.

పునీత్ లేచి కూర్చున్నాడు. "ఏం చేస్తా ఉండావే?"

"నీకు నచ్చిన కంపెనీ, నువ్వు కొన్న సెట్టు. రెండూ బాగా కుదిరినాయి. మాటలు ఫ్రీ కదా, మాట్లాడుకో."

"నా ఫోన్ లేకుంటే నాకెట్లా జరుగుతాది? నా ఫోటోలు, నా వీడియోలు..."

"నీ రూముకాడికి ఏనుగు వస్తే చెప్పు. అప్పుడు తెచ్చిస్తాను."

సాయంత్రం చేనిలో రెండు గీతలు వచ్చాయి. అవి చాలు. వేలితో పక్కకు జరిపి ఎత్తడం ప్రేమ మామకు చూపిస్తుండగానే ఫోన్ మోగింది. పునీత్. ఆమె స్పీకర్ పెట్టింది.

"నాయినా, ఆ ఫోన్ జాగ్రత్త. మంచులో పెట్టొద్దు. అద్దం పగిలిందంటే అంతే."

జయరామప్ప ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుని నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"బాగుండానప్పా," అన్నాడు. "కాలు కూడా ఇప్పుడంత నొప్పి లేదు."

ఆ మాట కొడుకు అడగనే లేదు. ప్రేమ ఫోన్ లాక్కుని కట్ చేసింది.