ఆటల మీద అంబాదాస్ మాట

నీలం నగర్‌లో ఏ ఆట మీద ఏమనుకోవాలో తెలియనివాళ్ళు లక్ష్మణ్ హోటల్‌కు పోయి అంబాదాస్‌ను అడిగేవారు. అడగకపోయినా అతను చెప్పేవాడు. ముప్పై ఏళ్ళుగా చాదర్ దుప్పట్లు నేస్తున్న మనిషి. జన్మలో మైదానంలో కాలుపెట్టింది లేదు. అయినా భూమ్మీద ఆడే ప్రతి ఆటకూ అతని దగ్గర ఒక తీర్పు తయారుగా ఉండేది.

అది తొంభై ఎనిమిది జూన్ నెల. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు నడుస్తోంది. సాయంత్రం ఏడింటికి కార్ఖానా నుంచి బయటపడి, చెవుల్లో మగ్గాల మోత ఇంకా తగ్గకముందే అంబాదాస్ హోటల్ బల్ల మీద కూలబడేవాడు. అప్పటికి ఆట రెండో సగం మొదలై ఉండేది.

"ఫుట్‌బాల్ అంటె సంసారం లెక్క," అనేవాడు చాయ్ సాసర్‌లో పోసుకుంటూ. "ఇర్వై రెండు మంది గంటన్నర సేపు ఉరుకుతరు. ఒక్క గోల్ వడ్తది. అది గూడ వడకపోవచ్చు. ఆఖరికి చెమట తుడ్సుకొని ఎవలింటికి వాళ్ళు పోతరు. గింత నిజమైన ఆట ఇంకోటి లేదు."

పొద్దున ఆరింటికి, కార్ఖానాకు పోయేముందు, కేబుల్‌లో అమెరికావాళ్ళ బేస్‌బాల్ వచ్చేది. హోటల్ లక్ష్మణ్‌కు కూడా అది అర్థమయ్యేది కాదు కానీ, తెర మీద ఏదో ఒకటి కదలకపోతే గిరాకీ రాదని పెట్టేవాడు.

"ఇది ఆట గాదు, పంచాయితి," అని తేల్చేశాడు అంబాదాస్. "ఒకడు ఇసురుతడు, ఒకడు కట్టె వట్టుకొని నిలవడ్తడు. మిగిలినోళ్ళంత తంబాకు నములుకుంట ఎదురు చూస్తరు. ఆఖరికి కొట్టినోడు చుట్టు తిరిగి బయల్దేరిన కాడికే వస్తడు. అక్కడికే వచ్చేటోనివి, పోవుడెందుకురా నాయనా!"

ఇక వీడియో గేమ్ సంగతి. లక్ష్మణ్ ఈమధ్యే ఒక డబ్బా తెచ్చి టీవీకి తగిలించాడు. దాని మీద అంబాదాస్ మాట ఇంకా చిన్నది. "ఒంటికి చెమట వట్టదు, బొటనవేలు మాత్రం అరుగుతది. ఆడేది డబ్బా, ఓడేది మనం."

జనం నవ్వేవారు. అతనూ నవ్వేవాడు. ఇందులో ఎవరికీ తెలియని సంగతి ఒక్కటే. ఏడాదిన్నరగా అంబాదాస్ ఏ ఆటలోనూ బంతిని చూడలేదు. కళ్ళకు పొర వచ్చింది. తెర మీద అతనికి కనిపించేది ఒక ఆకుపచ్చ చాదర్, దాని మీద అటూ ఇటూ కదిలే రెండు రంగుల మరకలు, అంతే. పక్కవాడు ముందుకు వంగితే తనూ వంగేవాడు. అందరూ అరిస్తే అరిచేవాడు. గోల్ పడిన తర్వాత "నేను ముందే చెప్పిన గదా" అనేవాడు. నిజానికి ముందు ఏమీ చెప్పి ఉండేవాడు కాదు. కానీ హోటల్లో ఎవరి మాట ఎవరికి గుర్తుంటుంది?

కార్ఖానాలో మాత్రం అంత సులువు కాదు. నాలుగు మగ్గాలు అతని వంతు. పగలు అతను, రాత్రి అతని బామ్మర్ది పెంటప్ప నడిపేవారు. వారానికోసారి షిఫ్టు మారాల్సింది. "నాకు పగటిపూట నిద్ర రాదు" అనే సాకుతో అంబాదాస్ ఏడాది నుంచి పగటి షిఫ్టు వదల్లేదు. ట్యూబులైటు వెలుగులో అతనికి మగ్గమే మసకగా కనిపించేది. ఇక పోగు ఏం కనిపిస్తుంది?

పగలు చేత్తో చూసేవాడు. నిలువుగా పరుచుకున్న పడుగు పోగుల మీద అరచెయ్యి ఆనించి, వేళ్ళు కాస్త విడదీసి, ఎడమ నుంచి కుడికి మెల్లగా జరిపేవాడు. పోగు తెగినచోట అరచేతికి చిన్న గుంటలాగా తగిలేది. అడ్డంగా పోయే పేక దారం తెగితే మగ్గం మోత మారేది, అది చెవి చెప్పేది. అలా పన్నెండు గంటలు చేతులూ చెవులూ కళ్ళ పని చేసేవి. సాయంత్రానికి వీపు, మెడ, వేలి కొనలు అన్నీ ఒకేసారి అలిసిపోయేవి. వేడినీళ్ళు పోసుకున్నా ఆ అలుపు దిగేది కాదు.

షిఫ్టు దిగేటప్పుడు ప్రతి నేతగాడూ మగ్గం మీది బట్టకు అడ్డంగా ఒక సుద్దగీత గీస్తాడు. అక్కడిదాకా నేసింది నాది, ఇక నుంచి నీది అని. బట్ట దిగాక ఎక్కడైనా తప్పు కనిపిస్తే, అది గీతకు ఏ పక్కన ఉందో చూసి కార్ఖానా మాస్తర్ గంగాధర్ ఆ పక్క మనిషిని పిలిచి నిలదీస్తాడు. కళ్ళు కనపడని నేతగాడికి మాస్తర్ చెప్పేది ఒకే మాట: ఇంట్లో కూర్చో. అట్లా కూర్చున్న ఇద్దరిని అంబాదాస్ ఎరుగును. ఇద్దరూ భార్యల పక్కన చేరి బీడీలకు ఆకు కత్తిరిస్తున్నారు.

విచిత్రం ఏమిటంటే, గత ఆరునెలల్లో అంబాదాస్‌ను మాస్తర్ ఒక్కసారి కూడా పిలవలేదు.

"నా చెయ్యి మామూలు చెయ్యి గాదు," అని ఇంట్లో భార్య మంగళకు చూపించుకునేవాడు. ఆమె బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని, తల ఎత్తకుండా, "అవ్, అవ్" అనేది.

వారపు సెలవు రోజు వచ్చింది. పొద్దున పదకొండింటికే హోటల్ నిండిపోయింది. వీడియో గేమ్‌లో ఆ రోజు బేస్‌బాల్ పెట్టారు. మాస్తర్ గంగాధర్ కూడా వచ్చి, చొక్కా చేతులు మడిచి, మీటల డబ్బా పట్టుకుని ఆడాడు. నాలుగుసార్లు కొట్టి గర్వంగా వెనక్కి తిరిగాడు. గోడవారన అంబాదాస్ కనిపించాడు.

"ఏం అంబాదాస్ మామా, ముచ్చట్లు చెప్పుడేనా, ఆడొస్తదా?"

"నేను ఆడితే మీ టీవీ సిగ్గువడ్తది మాస్తర్."

"సిగ్గువడనియ్. యా, బసా," అంటూ గంగాధర్ లేచి స్టూలు చూపించాడు.

"మా బావకు బొటనవేలు నొస్తున్నది మాస్తర్," అన్నాడు పక్కనే ఉన్న పెంటప్ప. "పొద్దుగాల తలుపుల ఇరికింది."

"తలుపు గూడ ఈయన ముచ్చట్లు తట్టుకోలేకపోయిందేమో!" అన్నాడెవడో. హోటలంతా నవ్వింది. నలుగురు లేపి తీసుకొచ్చి స్టూలు మీద కూర్చోబెట్టారు. ఇక తప్పించుకునే దారి లేదు.

తెర మీద ఎప్పటి ఆకుపచ్చే. బంతి ఎక్కడుందో దేవుడికే తెలియాలి. కానీ డబ్బాలో ఒక శబ్దం వినిపించింది. విసిరేవాడు విసరగానే "కీక్" అంది. కాసేపటికి "టుస్" అంది, బంతి వెళ్ళిపోయింది. అంబాదాస్ ఇంకొకటి పోనిచ్చాడు. కీక్, ఒకటి, రెండు, టుస్. మగ్గంలో దారం మోసే నాడె ఈ కొస నుంచి ఆ కొసకు పోయే లెక్కే. మూడోసారి "కీక్" అనగానే ఒకటి, రెండు అని లోపల ఎంచుకుని మీట నొక్కాడు. టణ్ మని మోగింది.

"అరే బాప్‌రే! కొట్టిండు!"

ఇంకోటి కొట్టాడు. ఇంకోటి. హోటల్లో ఈలలు మొదలయ్యాయి. గంగాధర్ నోరు తెరిచాడు. అంబాదాస్‌కు ఒళ్ళంతా చెమట పట్టింది. వీడియో గేమ్ మీద తన మాట వెనక్కి తీసుకోవాలేమో అనిపించింది కూడా.

అప్పుడే మూలన హోటల్ పసుపుపచ్చ పబ్లిక్ ఫోను పట్టుకున్న మనిషి గట్టిగా అరిచాడు. "ఓ లక్ష్మణ్ భావ్! అవతలోళ్ళ మాట వినొస్తలేదు, దాని ఆవాజ్ బంద్ చెయ్!"

లక్ష్మణ్ టీవీ గొంతు నొక్కేశాడు.

కీక్, టుస్ రెండూ ఆగిపోయాయి. అంబాదాస్ ఎదురుచూశాడు. ఏమీ వినిపించలేదు. ఊరికే నొక్కాడు. "పాయె" అన్నారు. మళ్ళీ నొక్కాడు. "మళ్ళ పాయె." మూడోసారి ఏమైందో అతనికే తెలియదు. నడుస్తున్న మగ్గం ఉన్నట్టుండి ఆగితే చెయ్యి ఏం చేస్తుందో అదే చేసింది. స్టూలు మీద ముందుకు వంగి, అరచెయ్యి టీవీ అద్దానికి ఆనించి, వేళ్ళు కాస్త విడదీసి, ఎడమ నుంచి కుడికి మెల్లగా జరిపాడు. తెగిన పోగు కోసం.

సగం దూరం పోయాక తెలిసింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"చూడుండ్రి, చూడుండ్రి!" గంగాధర్ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "టీవీల పోగు తెగిందట! మామ అతుకువెడ్తుండు!"

హోటలంతా బల్లలు బాదింది. అంబాదాస్ అంటే అందరికీ తెలుసు. మొన్న హోలీకి "ఇయ్యాల సగం రోజే పని" అని చెప్పి ఎనిమిది మందిని ఇళ్ళకు పంపిన మనిషి. ఇదీ అలాంటిదే అనుకున్నారు. అతను మెల్లగా చెయ్యి తీసి, పంచెకు తుడుచుకున్నాడు.

"నాసిరకం మాల్ తెచ్చినవ్ లక్ష్మణ్. పడుగుల దమ్ము లేదు," అన్నాడు.

ఇంకోసారి నవ్వారు. బతికిపోయాడు. ఆ నవ్వుల మధ్య నుంచే బయటికి వచ్చాడు. ఒక్క మనిషి మాత్రం నవ్వలేదు. పెంటప్ప వెనకే వచ్చాడు. సందు మలుపు తిరిగాక పిలిచాడు.

"బావా, ఇగ సాలు."

"ఏంది సాలు?"

"నీకు కనొస్తలేదు. నాకు ఎర్కనే."

అంబాదాస్ ఏదో జోకు వెతికాడు. దొరకలేదు. "ఎవలు చెప్పిండ్రు?"

"అక్క చెప్పింది. చలికాలంల ఒకనాడు అన్నంల వెంట్రుక వస్తె తియ్యకుంటనే తిన్నవట. వెంట్రుక వస్తె వాడకట్టంత వినేటట్టు ఒర్లేటోనివి నువ్వు. అక్కకు ఆ రాత్రి నిద్ర వట్టలేదు."

"మరి మాస్తర్ నన్నెందుకు పిలుస్తలేడు? నా చేతుల తప్పు పోతలేదు గద!"

పెంటప్ప నేలకేసి చూశాడు. "పోతున్నయ్ బావా. నేను షిఫ్ట్ ఎక్కంగనే నీ గీత తుడిపేస్తున్న. నీ తప్పు వడ్డకాడికి ఎన్కకు జరిపి గీస్తున్న. అన్ని నా దిక్కు వస్తున్నయ్."

అంబాదాస్ గోడకు ఆనుకున్నాడు. ఆరునెలలు మంగళకు చూపించుకున్న ఆ చెయ్యిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మొదట కోపమే వచ్చింది.

"నా పనికి గీత గీసేటందుకు నువ్వెవనివిరా?"

"నీ బామ్మర్దిని."

"మాస్తర్ ఏమన్నడు నిన్ను?"

రెండోసారి అడిగితే పెంటప్ప చెప్పాడు. "నిన్న పిలిచిండు. ఇంకొక్క చాదర్ ఖరాబ్ అయితె నా సాంచలు ఇంకోనికి ఇస్తడట. మూడో నంబర్ మీద నిన్న పగలు నీ చేతుల మళ్ళ ఒకటి వడ్డది, రాత్రి ఆ గీత గూడ జరిపిన. రేపు బట్ట దిగుతది."

నేతపనివాళ్ళు మగ్గాలను సాంచలనే అంటారు. సాంచలు పోతే పనే పోయినట్టు. అంబాదాస్ హోటల్ వైపు వెనక్కి తిరిగాడు.

"బావా, ఒద్దు! ఒక్క నెల ఆగు. నేను ఏదో చేస్త."

"నెల ఆగితే నువ్వు గూడ ఆకు కత్తిరిస్తవ్. నడువు."

గంగాధర్ ఇంకా హోటల్లోనే ఉన్నాడు. అంబాదాస్ ఎదురుగా నిలబడి చెప్పాడు. "మాస్తర్, నాకు కండ్లు కనొస్తలేవు."

"అచ్ఛా! టీవీ అయిపాయె, ఇప్పుడు నా వంతా?"

"నిజంగ మాస్తర్."

"హోలీనాడు గూడ నిజంగనే అన్నవ్ మామా."

నిజం చెప్పినా నమ్మించుకునే ఓపిక ఉండాలి. ఆ క్షణాన అంబాదాస్‌కు తన ఎగతాళులన్నిటి మీదా విసుగు పుట్టింది. "కార్ఖానా తాళం నీ దగ్గరనే ఉన్నది గద. పా. మూడో నంబర్ సాంచ చూడు. సుద్దగీత రెండు తాపల గీసి ఉంటది. మొదటిది తుడిపిన మరక పోదు."

గంగాధర్ నవ్వు ఆపాడు. ముగ్గురూ కార్ఖానాకు నడిచారు. ఆగిపోయిన మగ్గాల మధ్య వాళ్ళ అడుగులే వినిపించాయి. గంగాధర్ మూడో నంబర్ దగ్గర వంగి, బట్టను వెలుగుకేసి లాగి చూశాడు. ఒక గీత తెల్లగా ఉంది. దాని ముందు జానెడు దూరంలో ఇంకో గీత బూడిదలా మిగిలి ఉంది. రెండింటి మధ్య, చాదర్ మీద నేసిన నెమలి బొమ్మ మెడ దగ్గర తెగి ఉంది.

బట్ట వదిలేసి లేచాడు.

"ఇద్దరు కలిసి నన్ను యేడా చేసిండ్రు, పిచ్చోన్ని చేసిండ్రు," అన్నాడు.

"అతనిది తప్పు లేదు మాస్తర్. తప్పులన్ని నావే. మంచిగ నేసినయ్ అతనివి."

"నువ్వు ఊకో." గంగాధర్ పెంటప్ప వైపు తిరిగాడు. "రేపటికెల్లి పగలు నువ్వు ఎక్కు. రాత్రికి నేను మనిషిని చూస్త. ఇంకోపారి గీత ముట్టినవంటె ఇద్దరిని బయటకు తోలుత." తర్వాత గొంతు తగ్గింది. "మామా, నువ్వు దవాఖానకు పో. ఆపరేషన్ అయినంక చిట్టీ వట్టుకొని రా. అప్పుడు మాట్లాడదాం. సాంచలు ఉంచుత అని మాత్రం నేను చెప్తలేను."

"చెప్పకు," అన్నాడు అంబాదాస్. "నువ్వు చెప్పినా నేను నమ్మ."

గంగాధర్ మొహం పక్కకు తిప్పుకుని తాళంచెవులు వెతుక్కున్నాడు.

గుమ్మం దగ్గర మెట్లు నాలుగు. ముప్పై ఏళ్ళు దిగిన మెట్లు, కళ్ళు మూసుకుని కూడా దిగగలడు. ఏడాదిన్నరగా అలాగే దిగుతున్నాడు, లోపల ఒకటి, రెండు అని ఎంచుకుంటూ. ఇవాళ మొదటి మెట్టు మీదే ఆగిపోయాడు. ఎంచడం చేతకాక కాదు.

"ఏమైంది బావా?"

"ఏం కాలె. లెక్కవెట్టుడు యాష్టకొచ్చింది. చెయ్యియ్యి."

పెంటప్ప రెండు మెట్లు దిగి, వెనక్కి తిరిగి చెయ్యి అందించాడు. అంబాదాస్ బరువంతా దాని మీద వేశాడు.

"మెల్లగ," అన్నాడు పెంటప్ప. "దవాఖానకు పొద్దుగాల ఏడింటికే లైన్ల నిలవడాలె. నేను సాంచల మీద ఉంట. అక్కను తోలుకొని పో."

"మీ అక్కతోనా? లైన్ల ఉన్నోళ్ళందరికి ఆ వెంట్రుక ముచ్చట చెప్తదిరా."

"చెప్పనియ్."

"చెప్పనియ్," అన్నాడు అంబాదాస్ కూడా, తర్వాతి మెట్టు కోసం కాలు చాపుతూ.