చిట్టెమ్మ పట్టుకోని కాళ్ళు

తెర మీద ముసలామె మంత్రి కాళ్ళ మీద పడింది. మంత్రి ఆమెను లేవదీసి కన్నీళ్ళు తుడిచేడు. అమలాపురం థియేటర్లో చప్పట్లు మోగేయి. మూడో వరసలో కూర్చున్న కళ్యాణికి మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆ సినిమా తీసింది ఆవిడ రాసిన నవల నుంచే. పేరు మార్చి రాసినా, ఆ ముసలామె ఎవరో చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు. పక్క సీట్లోనే కూర్చునుంది, కౌలురైతు చిట్టెమ్మ.

"నేనెప్పుడు పడ్డానండీ ఆయన కాళ్ళ మీద?" అంది చిట్టెమ్మ. "రేపు ఊళ్ళో ఏ మొహం పెట్టుకుని తిరగనండీ?"

కళ్యాణిది అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారం. ఏ సరుకు ఎవరి చేతికిస్తే ఏమవుతుందో ఎరిగిన మనిషి. కాయ ఎంత దూరం వెళ్ళినా కాయగానే దిగుతుంది. పుస్తకం సినిమాకెళ్తే ఏమై దిగుతుందో మాత్రం అంచనా వెయ్యలేకపోయింది.

తమ ఊళ్ళో జరిగిందే రాసింది. మురుగుకాలవ తవ్వించమని ఎన్నిసార్లు అడిగినా ఎవరూ వినలేదు. ఏటా చేలు మునిగేయి. చివరికి ఓ ఏడు ఊరంతా పంట మానేసింది. అధికారులు విత్తనాలు పట్టుకొచ్చి, వెయ్యమని చెప్పి వెళ్ళేవారు. చిట్టెమ్మ కుర్చీ వేసేది, బొండం కొట్టించి ఇచ్చేది, "ఆయ్, అలాగేనండి" అనేది. జీపు మలుపు తిరిగేక ఒక్కరూ నారు పొయ్యలేదు. ఎవర్నీ తిట్టలేదు, ఎవరి ముందూ వంగలేదు. ఆ మర్యాద చూసే ఆఫీసుల్లో వాళ్ళకి గుండెల్లో రాయి పడింది.

సినిమాలోనేమో ఓ కుర్రాడు ఇంజనీరు బల్ల విరగ్గొట్టి, నలుగుర్ని చితక్కొట్టి, చివర్లో మంత్రి ముందు చేతులు కట్టుకున్నాడు.

ఆట అయ్యేక డైరెక్టరు ఉదయ్ నవ్వుకుంటూ వచ్చేడు. "బావుందాండీ అక్కగారూ? బయట టీవీ వాళ్ళున్నారు. నవలకి న్యాయం చేశామని ఒక్క మాట చెప్పాలండి."

"చిన్నాఫీసర్ని కొట్టించేవు, పెద్దాయనకి మొక్కించేవు. ఇదా బాబూ తిరుగుబాటు?"

"పంట వెయ్యకపోవడం ఎలా చూపిస్తామండీ? ఖాళీ పొలం చూపిస్తే జనం లేచిపోతారు. పైగా మీవాళ్ళు అందరికీ అలాగేనండి అంటారాయె. లొంగిపోయేరనే అనుకున్నానండి."

"లొంగినవాళ్ళు పంట వేస్తారయ్యా! ఏడాది తిండి వదులుకున్నారు వాళ్ళు. నీ హీరో ఏం వదులుకున్నాడు? చొక్కా చిరిగింది, అంతేగా!"

ఉదయ్ మొహం మాడింది.

"ఆ కాళ్ళ సీను తీసెయ్," అంది కళ్యాణి.

"సినిమాకి అదే ప్రాణమండి."

"అయితే నా పేరు తీసెయ్."

"పోస్టర్లు వేసేశామండి. ఈ ఒక్కసారికి సర్దుకోండి. సినిమా ఆడితే పుస్తకమూ అమ్ముడవుతుంది. వ్యాపారం తెలిసినవారు, మీకు నేను చెప్పాలా?"

"తెలుసు గనకే చెప్తున్నా. కల్తీ సరుకు మీద ఒకసారి పేరేసుకుంటే, ఆ తర్వాత మంచి సరుకు తెచ్చినా ఎవడూ ముట్టడు. ఈ చిట్టెమ్మకున్నదల్లా ఊళ్ళో మంచి పేరే. దాన్ని నీ చప్పట్లకి ఎర వెయ్యడానికి నేనెవర్ని?"

కళ్యాణి చిట్టెమ్మ చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. మెట్ల దగ్గర మైకులు చుట్టుముట్టేయి. వెనకాలే పరిగెత్తుకొచ్చేడు ఉదయ్. "అక్కగారూ, ఆలోచించుకుని..."

"ఆలోచించేను. మా ఊళ్ళో ఎవరూ ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు. ఈ సినిమా నాది కాదు," అంది కళ్యాణి. కోపానికి గొంతు జీరపోయింది.

చిట్టెమ్మ ఆవిడ మోచెయ్యి పట్టుకు కుదిపింది.

"కాస్త గట్టిగా చెప్పండమ్మా. అదిగో, ఆ వెనకాల మనూరి వాళ్ళున్నారు."