గచ్చుపాటకు వంత

కాఫీ రుచి గురించి నన్నడగొద్దు. మా కామాఠీపుర చాళ్‌లో, ఒకే వరండాకు వరసగా ఉన్న ఒంటిగదుల్లో పుట్టి పెరిగినవాళ్లం, మాకు చాయ్ తప్ప ఇంకోటి తెలియదు. అయినా గ్రాంట్ రోడ్ దగ్గరి చర్చివాళ్లు కింది హాల్లో ప్రతి శనివారం నడిపే కాఫీ గదిలో రెండేళ్లుగా పాలు కాచేది, కప్పులు కడిగేది నేనే. అక్కడ ఎవరికీ జీతం లేదు, అందరం ఊరికే చేసేవాళ్లమే. పోచమ్మకు బోనమెత్తే రత్నాబాయికి చర్చిలో ఏం పనంటారా? పనుంది కాబట్టే వెళ్తాను, మీకెందుకు!

ఆ శనివారం సాయంత్రం అక్కడ పాటల కచేరీ పెట్టింది మా శాంతాబాయి వదిన కోసం. ఆమె ఖోలీ, నా ఖోలీ పక్కపక్క గదులే, మధ్యలో ఒక్క గోడ. బుధవారం ఆమె గొంతుకు ఆపరేషన్. కణితి పోవాలంటే స్వరపేటిక తీసెయ్యాలన్నారు డాక్టర్లు. ప్రాణానికి భయం లేదట, మాట మాత్రం ఇక రాదట. ఆ ఖర్చుకే ఈ కచేరీ. చర్చి పిల్లలు గిటార్లు వాయిస్తారు, వచ్చినవాళ్లు తోచింది ఇచ్చి వెళ్తారు.

"ఊరికె తీసుకుంటనా? నేను గూడ పాడుత," అని పట్టుబట్టింది వదిన. అప్పటికే గొంతు బొంగురుపోయింది. ఒక్క పాటకైతే సరే అన్నాడు డాక్టరు.

ఆ పాట గచ్చుపాట. మా చిన్నతనంలో మేడల మీద సున్నపు గచ్చు వేస్తే ఆడవాళ్లు వరసగా కూర్చుని చెక్కలతో దంచేవాళ్లు. ఒకామె ముందు పాడుతుంది, మిగతావాళ్లు వంత పలుకుతూ దెబ్బ వేస్తారు. పదిహేనేళ్లప్పటి నుంచే ముందుపాట శాంతాబాయిది. నేను వంతలో ఆఖరిదాన్ని. నా గొంతు గురించి చెప్పుకోకపోవడమే మంచిది. ఇప్పుడు గచ్చు దంచేవాళ్లు లేకపోయినా, మా పెళ్లిళ్లలో పాడతారు కాబట్టి పాట చాళ్‌లో అందరికీ వచ్చు.

నా ఆశ ఒక్కటే. ఆ గొంతు పోకముందు ఒక్కసారైనా శుభ్రంగా ఫోన్లోకి ఎక్కాలి. నలభై ఏళ్లుగా గోడ అవతలి నుంచి ఆ గొంతు తిడితేనే నాకు తెల్లారేది, అది లేకుండా ఎట్లా బతకాలి చెప్పండి? ఆమె మనవరాలు మనాలి ఫోను పట్టుకుని ముందు వరసలో కూర్చుంది. నేను మా చాళ్ వాళ్లందరి దగ్గరికీ వెళ్లి వేలు చూపించి మరీ చెప్పాను.

"ఎవలన్న నోరు తెరిస్తే చూడుండ్రి! ఆవాజ్ రావొద్దు. దగ్గొస్తే బయటికి పోండ్రి."

నా నోటికి భయపడనివాళ్లు మా చాళ్‌లో లేరు.

గిటార్ల పిల్లలు దిగిపోయాక వదిన కుర్చీ వద్దని నేల మీదే కూర్చుంది. అరచేత్తో బండ మీద కొట్టి ఎత్తుకుంది.

"మేడ మీద గచ్చు ఎవలకోసమే..."

బొంగురే, కానీ ఆ గొంతే. హాల్లో చడీచప్పుడు లేదు. నేను పొంగిపోయాను.

వదిన చెయ్యి ఎత్తి అలాగే ఆగిపోయింది. మళ్లీ అదే మాట, ఇంకాస్త గట్టిగా పాడింది. ఎవరూ కిక్కురుమనలేదు. ఆమె ముఖం పాలిపోయింది. మా వైపు తిరిగి ఒక్కొక్కరినీ వెతుకుతున్నట్టు చూసి, "ఎవలు పడ్డరే?" అంది.

గిటార్ల పిల్లలకు అర్థం కాలేదు. మాకయింది. మేడ మీద వంత ఆగిందంటే ఎవరో అంచు దాటి కింద పడ్డారనే. వంత లేకుండా ముందుపాట సాగదు. అది తెలిసి తెలిసీ, ఆమె చివరి పాటకు ఆమెను ఒంటరిని చేశాను. నా బుద్ధి గడ్డి తింది!

లేచి నిలబడ్డాను. "ఎవలు పడలే వదినె! నేనే అందర్ని నోర్లు మూసుకొమ్మన్న. ఫోన్ల నీ ఆవాజ్ ఒక్కటే రావాలని."

"పాగల్ దానివే నువ్వు," అంది వదిన. "నాకు దమ్ము సాల్తలేదు. అందుకో."

మనాలి చేతిలో ఫోను వైపు చూశాను. అందుకుంటే ఆ గొంతు ఇక ఎప్పటికీ విడిగా దొరకదు. అందుకోకపోతే పాట ఇక్కడితో సరి. ఏం చేయను? నోరు తెరిచాను.

"మనకోసం గాదులే, దంచు చెల్లెలా!"

నా గొంతు విని ఎవరో నవ్వారు, నవ్వనీ. రెండో వంతకు మా చాళ్ అంతా అందుకుంది. ఆడవాళ్లు కుర్చీలు దిగి నేల చరిచారు. ఇంట్లో మరాఠీ తప్ప మాట్లాడని మనాలి కూడా ఫోను పట్టుకునే వంత పలికింది. వదిన మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకుని, పాట చివరిదాకా పాడింది.

అందరూ వెళ్లాక కాఫీ గదిలో మనాలి రికార్డింగు పెట్టింది. మొదటి కాసేపే వదిన, ఆ తర్వాతంతా మా గోల. దాని అడుగున ఆమె గొంతు ఎక్కడుందో నాకైతే దొరకలేదు. ఏడుపు ఆగలేదు నాకు.

"నీ ఆవాజ్ పోగొట్టిన వదినె. అంత నా గాడిద గొంతే వినొస్తుంది."

వదిన ఫోను లాక్కుని చెవికి ఆనించుకుంది. మొత్తం వింది.

"నా ఆవాజ్ నేనెన్నడన్న విన్ననానే? పాట ఎత్తినప్పుడల్ల నా చెవులకు మీ వంతనే వచ్చేది," అంది. "బుధారం సంది నేనెత్తలేను. మీరు గూడ అందుకోరు. గప్పుడు నేనేం వినాలె?"



"దవాఖానల నాకు ఇదే పెట్టు బేటా. రత్న గొంతు కాడ జర పెద్దగ పెట్టు," అంది మనాలికి ఫోను తిరిగిస్తూ.