పేరు లేని పేజీ

మా బడిలో సైన్సు చెప్పే ఆమెకు పిల్లలు పెట్టిన పేరు ‘ఎందుకు టీచర్’. ఏదడిగినా జవాబు చెప్పదు, తిరిగి ‘ఎందుకు?’ అంటుంది. నేను లెక్కల టీచర్ని. నా సబ్జెక్టులో జవాబులు పుస్తకం చివర ఉంటాయి, నాకూ సుఖం, పిల్లలకూ సుఖం. అందుకే స్టాఫ్‌రూములో ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని ఇద్దరం రోజూ ఏదో ఒకటి వాదించుకుంటూనే ఉంటాం. ఆమె నాకంటే చిన్నది, నన్ను అక్కా అంటుంది. వాదన మొదలైతే మాత్రం ఆ అక్కరికం ఏ మూలకి పోతుందో తెలియదు.

ఈసారి వానలకు బడి వెనక ఖాళీ స్థలంలో పుట్టగొడుగులు మొలిచాయి. అంతే, ఆమెకు పాఠం దొరికిపోయింది. ‘ఇవి తినొచ్చా, కూడదా? బడి వంటగదికి సలహా రాయండి’ అని ఏడో తరగతికి ప్రశ్న ఇచ్చింది. జవాబు పుస్తకంలో లేదు, ఇంటర్నెట్లో వెతుక్కోవాలి. అలాగని పిల్లల్ని ఇంటర్నెట్ మీదికి వదిలేసి చోద్యం చూసే మనిషి కాదు. ముందే తాను చదివి ఏరిన పేజీలు ఇస్తుంది. నలుగురేసి పిల్లలు ఒక జట్టు. అందులో ఒకరు డాక్టరు, ఒకరు అటవీ అధికారి, ఒకరు విలేకరి, ఒకరు వంటమనిషి. ఎవరికిచ్చిన పేజీ వాళ్ళే చదవాలి. మర్నాడు నలుగురూ కూర్చుని చదివింది చెప్పుకోవాలి, పొంతన కుదరని చోట ఆగి తేల్చుకోవాలి.

ఆ పొంతన కుదరని చోటు ఆమె కావాలని పెట్టిందే. వంటమనిషికిచ్చిన పేజీ ఆమె సొంత తయారీ, తనే ఇంటర్నెట్లో పెట్టింది. పుట్టగొడుగుల్ని వెల్లుల్లి వేసి ఉడికించాలట, వెల్లుల్లి రంగు మారకపోతే అవి మంచివేనట, నిర్భయంగా తినొచ్చట. శుద్ధ అబద్ధం. చూడ్డానికి మాత్రం ఆ పేజీ భలే ముచ్చటగా ఉంటుంది. పైన తెల్లకోటు వేసుకున్న ఒకాయన నవ్వుతుంటాడు, కింద రంగు రంగుల గళ్ళలో ఏది ఎప్పుడు వెయ్యాలో వరసగా ఉంటుంది. లేనిదల్లా ఒక్కటే, రాసినవాళ్ళ పేరు. పిల్లలు ఆ సంగతి కనిపెట్టాలి, ‘ఇది ఎవరు రాశారు?’ అని అడగాలి. పాఠమంతా ఆ ఒక్క ప్రశ్న కోసమే.

"ఎవరూ పట్టుకోకపోతే?" అన్నాను.

"జట్టులో ఇంకో ముగ్గురున్నారుగా అక్కా. పట్టుకోక ఎక్కడికి పోతారు?"

"ఆ తేల్చేదేదో అదే రోజు తేల్చెయ్యొచ్చుగా?"

"ఊహూఁ. ప్రశ్న ఒక రాత్రి నానాలి. ఇంటికెళ్ళి అమ్మకీ నాన్నకీ తాము చదివింది చెప్పాలి, వాళ్ళేమంటారో విని రావాలి. మజా అంతా అందులోనే ఉంది."

మర్నాడు ఆమె తరగతి వేళకు నాకు ఖాళీ. తన మజా చూపించడానికి నన్ను చెయ్యి పట్టుకుని మరీ లాక్కెళ్ళింది. కంప్యూటర్ల గదిలో వెనక కుర్చీలో కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, మొదట్లో నాకూ బాగానే ఉంది. వంటమనుషులు వెల్లుల్లి గొప్ప చెబుతుంటే డాక్టర్లు ఎగిరిపడుతున్నారు. "రంగుకీ విషానికీ సంబంధం లేదని మా పేజీలో ఉంది!" "మీ పేజీ ఎవరు రాశారేంటి?" "ఆఁ... టీచర్, దీనికసలు పేరే లేదు!" గదంతా గోల. ఎందుకు టీచర్ మొహం వెలిగిపోతోంది. నా వైపు చూసి కనుబొమలు ఎగరేసింది.

కిటికీ పక్క జట్టులో మాత్రం ముగ్గురే కూర్చున్నారు.

"మా వంటమనిషి రాలేదు టీచర్," అంది ఒక పిల్ల.

రానిది పిచిక. బక్కపలచని పిల్ల కాబట్టి ఆ పేరు. తల్లి రాత్రి షిఫ్టుకు ఫ్యాక్టరీకి వెళ్తుంది, ఇంట్లో తాతా మనవరాలే. ఒక్కరోజు కూడా బడి మానదు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది, చెప్పనిది చెయ్యదు. లెక్కలో ఒక మెట్టు దాటవెయ్యమన్నా వెయ్యదు.

"జ్వరమేమో," అంది ఎందుకు టీచర్, ఇంకా నవ్వుతూనే.

"నిన్న బాగానే ఉంది టీచర్. సాయంత్రం పట్టాల పక్కన సంచీలో పుట్టగొడుగులు ఏరుతుంటే చూశా. తాతకి కూర వండి పెడతానంది. వెల్లుల్లి ఉంటే భయం లేదంది."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. పిల్లలకు ఇంకా అర్థం కాలేదు, ఒకడు కిసుక్కున నవ్వాడు కూడా. ఎందుకు టీచర్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. చేతిలోని సుద్దముక్క కిందపడితే దాన్నే చూస్తూ నిలబడింది. పిచిక వాళ్ళ అమ్మకు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే.

"తరగతిని పక్క గదిలో కూర్చోబెట్టు, నేను స్కూటర్ తీస్తా," అన్నాను.

పెద్దసారు గుమ్మంలో అడ్డొచ్చి ఎక్కడికన్నాడు. వచ్చి చెబుతామన్నాను. ఆయనకు అలా చెప్పడం అదే మొదలు.

రైలు గేటు మా కోసమే కాసుకుని ఉన్నట్టు మేం వెళ్ళేసరికి పడింది. ఒకటే గూడ్సు, ఎంతకీ తరగదు. వెనక కూర్చున్న ఆమె వేళ్ళు నా భుజంలో దిగబడుతున్నాయి.

"ఇంటికెళ్ళి చెప్పమన్నది నేనే అక్కా. నేనే చెప్పమన్నా."

"నోర్ముయ్. ఏమీ అయ్యుండదు," అన్నాను. ఆ మాట నేనే నమ్మలేదు. ఆ పిల్ల కూడా తిన్నదా? ఎంత తిన్నది? నా బుర్రలో ఇంకో ఆలోచన లేదు.

ఇంటికి తాళం. పక్కింటావిడ బట్టలారేస్తూ మమ్మల్ని ఎగాదిగా చూసింది. "తెల్లారి వాళ్ళమ్మ డ్యూటీ నించి వచ్చేసరికి ముసలాయన ఒకటే వాంతులు. పిల్ల ఏడుస్తూ కూర్చుంది. ముగ్గురూ ఆస్పత్రికెళ్ళారు."

"పిల్లకి బాగానే ఉందా?"

"నడిచే వెళ్ళింది మరి."

గుమ్మం పక్క చెత్తబుట్టలో పుట్టగొడుగుల కాడలూ, కోసిన ముక్కలూ కనిపించాయి. ఏ రకమో తెలియాలంటే అవి కావాలని ఎందుకు టీచర్‌కే తట్టింది. నా అన్నం డబ్బా ఖాళీ చేసి అందులో వేశాం. ఆ డబ్బాలో మళ్ళీ నేను తినలేదు.

ఆస్పత్రి వరండాలో బెంచీ మీద పిచిక ముడుచుకుని కూర్చుని ఉంది. తల్లి ఫ్యాక్టరీ దుస్తుల్లోనే గోడకు ఆనుకుని నిలబడింది. నర్సు ఆవిణ్ణి దులిపేస్తోంది: "ఇంత పిల్లకి పొయ్యి అప్పగించి పోతారా? దానికేం తెలుసని వండింది? నువ్వేం తల్లివమ్మా?"

"నేనే వండా. అమ్మకి తెలీదు," అంది పిచిక. ఎన్నిసార్లు అందో, గొంతు బొంగురుపోయింది. మమ్మల్ని చూడగానే లేచి నిలబడింది. "టీచర్, నేను అన్నీ కరెక్టుగానే చేశా. వెల్లుల్లి తెల్లగానే ఉంది. ఎక్కడ తప్పు చేశానో తెలీట్లేదు టీచర్."

"నువ్వు తిన్నావా?" ఎందుకు టీచర్ ఆ పిల్ల భుజాలు పట్టుకుని ఊపేసింది. "చెప్పు, తిన్నావా?"

"లేదు. తాత తిననివ్వలేదు."

అంతలో ఎందుకు టీచర్ ఫోన్ మోగింది. పెద్దసారు. పిల్లలు ఆయనకు సంగతంతా చెప్పినట్టున్నారు. గట్టిగా మాట్లాడే మనిషి కాబట్టి పక్కనున్న నాకూ వినిపించింది. "ముందు ఆ పేజీ తీసెయ్యమ్మా. దాని మీద బడి పేరు లేదుగా? నీ పేరూ లేదుగా? ఇంటర్నెట్లో ఎవడో రాశాడు, పిల్ల చూసింది. మనకేం సంబంధం? నువ్వు మాత్రం నోరు జారకు."

ఆమె ఫోన్ పెట్టేసింది. తరవాత ఆ ఫోన్ వైపే చూస్తూ ఉండిపోయింది. తీసెయ్యడం ఎంతసేపని? వేలితో రెండుసార్లు నొక్కితే అయిపోతుంది. ఆ క్షణంలో ఆమె నొక్కి ఉంటే నేను నోరెత్తేదాన్నా? ఏమో. ఆమె ఉద్యోగం పోతుందని నాకూ భయంగానే ఉంది.

డాక్టర్ బయటికొచ్చాడు. కుర్రవాడు, రాత్రంతా నిద్ర లేనట్టుంది. "పెద్దాయన ఒంట్లో నీరంతా పోయింది. కిడ్నీల సంగతి ఇప్పుడే చెప్పలేను. ఏ రకం తిన్నాడో తెలిస్తే బావుండేది."

నేను డబ్బా ఇచ్చాను. ఆయన మూత తీసి చూసి, ఫోటోలు తీసి ఎవరికో పంపాడు. తరవాత పిచిక వైపు తిరిగాడు. "ఇవి తినొచ్చని నీకెవరు చెప్పారమ్మా?"

తల్లి చేతిలోంచి ఫోన్ అందుకుని పిచిక ఆ పేజీ తెరిచి ఇచ్చింది. పేజీ ఇంకా ఉంది. తెల్లకోటాయన నవ్వుతూనే ఉన్నాడు. డాక్టర్ కిందిదాకా చదివాడు, మళ్ళీ పైకి వెళ్ళాడు.

"ఎవడు రాశాడిది? పేరు కూడా లేదు. ఇలాంటి వెధవల్ని..." అంటూ తల విదిల్చాడు.

"నేనండీ," అంది ఎందుకు టీచర్.

ఆయనకు అర్థం కాలేదు. "మీరు..."

"నేనే రాశాను. ఈ పిల్ల టీచర్ని. అబద్ధమని తెలిసే రాశాను. పిల్లలు కనిపెడతారో లేదో చూద్దామని. దీన్ని అనకండి, వాళ్ళమ్మనీ అనకండి. తప్పంతా నాది."

డాక్టర్ ఆ ఫోన్ ఆమె చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. పిచిక తల్లి గోడ వదిలి ఆమె దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. "మా నాన్నకేమైనా అయితే..." అని మాత్రం అంది.

పిచిక అందరికంటే ఆలస్యంగా మాట్లాడింది. అంతసేపూ టీచర్ని తేరిపార చూస్తూ నిలబడింది.

"తప్పని మీకు తెలుసా టీచర్?"

"తెలుసు."

"మరి నాకిచ్చారెందుకు?"

బడిలో చేరినప్పటినుంచీ పిల్లల నోట ‘ఎందుకు’ అనిపించడానికి పడీ పడీ పాఠాలు తయారు చేసిన మనిషి. ఆ ఒక్క ఎందుకు వినగానే బెంచీ మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఆమె మీద కోపం వచ్చింది, జాలీ వేసింది, రెండూ ఒకేసారి.

సాయంత్రానికి కబురు తెలిసింది. అది ప్రాణాలు తీసే రకం కాదు, కడుపును అతలాకుతలం చేసే రకం. వయసు మళ్ళిన మనిషి కాబట్టి అంత దూరం వెళ్ళింది. కిడ్నీలు పనిచేస్తున్నాయి, బతుకుతాడన్నారు. పిచిక తల్లి అప్పుడు ఏడ్చింది.

లోపలికి వెళ్ళనిచ్చారు. తాత చేతికి సెలైన్ పెట్టి ఉంది, పెదవులు ఎండిపోయాయి. ఎందుకు టీచర్ మంచం పక్క నిలబడి చేతులు జోడించి అంతా చెప్పింది. ఆయన కళ్ళు మూసుకునే విన్నాడు.

"నేను నమ్మలేదులే అమ్మా," అన్నాడు చివరికి. "వెల్లుల్లి ఏం చెబుద్ది? కానీ పిల్ల చెయ్యి కాల్చుకుని మరీ వండింది. మా టీచర్ ఇచ్చింది తాతా, తప్పుండదు అంది. వద్దంటే మొహం చిన్నబుచ్చుకుంటుందని... సరే, ముందు నేను తింటా, రేపటికి నాకేం కాకపోతే నువ్వు తిను అన్నా."

ఆయనా పరీక్షే పెట్టాడు. ఆ పరీక్షకి మాత్రం తానే కూర్చున్నాడు.

పెద్దసారు ఆమెకు సంజాయిషీ నోటీసు ఇచ్చాడు. ఇప్పటికీ ఆమెతో సరిగ్గా మాట్లాడడు. పేజీ మాత్రం ఆమె తీసెయ్యలేదు. అన్నిటికంటే పైన ఎర్రటి అక్షరాలతో ‘ఇది అబద్ధం, ఇది చూసి వండిన కూర తిని ఒక పెద్దాయన ఆస్పత్రి పాలయ్యాడు’ అని రాసి, కింద తన పేరు పెట్టింది. ఇప్పుడు ఆమె పాఠాలేవీ రాత్రి నానవు. మొదలుపెట్టిన గదిలోనే, అదే పూట తేలుతాయి.

తాత ఇంటికొచ్చాక పిచిక బడికి వచ్చింది. ఆ రోజు కొత్త పాఠం, కొత్త లింకులు. ఆమె పిలవకుండానే నేను వెళ్ళి వెనక కుర్చీలో కూర్చున్నాను. ఎందుకు టీచర్ కాగితాలు పంచుతూ పిచిక దగ్గరికొచ్చింది.

"వీటిల్లో మీరు రాసింది ఏది టీచర్?" అంది పిచిక.

"ఏదీ లేదమ్మా. ఒట్టు."

పిచిక తల ఊపింది. ఊపి, కంప్యూటర్ వైపు తిరిగి మొదటి పేజీ తెరిచి, చదవకుండా నేరుగా అడుక్కి వెళ్ళి పేరు వెతికింది. తరవాత రెండోది. తరవాత మూడోది. పిల్లలు అలా చూడాలనే ఎందుకు టీచర్ ఇన్నాళ్ళూ తాపత్రయపడింది. ఇప్పుడు ఆ పిల్ల చూస్తుంటే తలెత్తి అటు చూడలేకపోయింది.